మాగుడు గది తలుపు

చలి విరిగి కొండ మీద మంచు కరిగిందంటే మా ఇంట్లో చేయాల్సిన పనులు ఇవి. మాగుడు గది గోడల బీటలకు మట్టి మెత్తాలి. లోపల మాచిపత్రి పొగ వేసి ఒక పూట తలుపు మూసి ఉంచాలి. ఇనుప మూకుళ్ళను గరుకురాయితో తోమి, పాత టీపొడి వేసి మాడ్చి, ఇనుప వాసన వదిలించాలి. ఆకు తిప్పడానికి వెదురు చీపుళ్ళు కట్టుకోవాలి. మూట గుడ్డలు బూడిదనీళ్ళలో ఉడకబెట్టి ఏటిలో జాడించాలి. పొగ రాని బొగ్గు ఏరి పక్కన పెట్టాలి. ఇంట్లో అందరూ వెల్లుల్లి మానెయ్యాలి. నేను పరీక్ష పుస్తకాలు అటక ఎక్కించాలి. ఆ ఏడు ఇంకొక పని చేరింది. కొడవళ్ళు నూరాలి.

టీ చిగురుకు కొడవలితో పనిలేదు. వేళ్ళతో తుంచేదే. అయినా మా చిన్నాన్న దెకువాన్ సానరాయి ముందేసుకుని వాకిట్లో కూర్చుంటే ఎందుకని ఎవరూ అడగలేదు.

మాది హువోషాన్ కొండల్లో తాంగ్ వాళ్ళ ఊరు. ఊరంతా ఒకటే ఇంటిపేరు. గట్టు దాటితే షావ్ వాళ్ళ ఊరు. గట్టు నెత్తిన కాకిగూడు అనే వాలు ఉంది. పొద్దు ఎక్కినా పొగమంచు వదలని చోటు, అన్నిటికంటే ముందు చిగురు వేసే చోటు. ఊళ్ళన్నీ కలిపి సాగుచేసే కమ్యూన్ నడిచినన్నాళ్ళూ అది అందరిదీ. పొలాలూ కొండలూ ఇళ్ళకు పంచినప్పుడు మాదంటే మాదని రెండూళ్ళూ పట్టుబట్టాయి. పంచడానికి వచ్చిన అధికారి రెండూళ్ళలోనూ భోంచేసి, తర్వాత చూద్దామని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ చలికాలంలో ఎవరో మావైపు మొక్కలు పీకి ఏటిలో పారేశారు. ఆ వారమే వాళ్ళవైపు మొక్కల మొదళ్ళలో ఎవరో ఉప్పునీళ్ళు పోశారు. మా అక్క సూలియన్‌ని అంతకు ముందే షావ్ వాళ్ళ ఊరి మావ్‌కున్‌కి ఇచ్చి ఉన్నాం. అప్పుడామె నెలలు నిండుతున్న మనిషి.

చిన్నాన్న కొడుకు షౌబెన్ నాకంటే పెద్దవాడు. అన్నా అని పిలిచేదాన్ని. పొయ్యి కొత్తగా కట్టడానికి మా ఇంటికి వచ్చి, మోచేతుల దాకా బురదతో నన్ను ఏడిపించాడు.

"ఏం పంతులమ్మా, కాలేజీ పరీక్షలో టీ ఎలా చెయ్యాలో అడుగుతారా?"

"అడగరు."

"మరి తెలిసిందేదో అడగనోళ్ళ దగ్గరికి పోయి తెలియందేదో రాయడం దేనికి?"

"నీలాగా పొయ్యిలు కట్టుకుంటూ ఉండిపోకూడదని."

"అదీ నిజమే. నీకు సీటొస్తే నీ పెట్టె బస్సు దాకా నేనే మోస్తా. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నువ్వే మోసుకో, అప్పటికి నువ్వు దొరసానివైపోతావు." జేబులోంచి మాడిన అన్నపు చెక్క తీసి, బురద చేత్తోనే విరిచి సగం నాకిచ్చాడు. అతని జేబు ఎప్పుడూ దాంతో నిండి ఉండేది.

సానరాయి దగ్గరి నుంచి చిన్నాన్న కేకేశాడు. "ఒరేయ్, పొయ్యి చాల్లే. నీ కొడవలి తెచ్చుకో."

"అటుపక్క మావ్‌కున్ బావ ఉన్నాడు కదా నాన్నా. ఒక కుండ సారా పట్టుకుపోయి కూర్చుంటే తేలిపోదా?"

"నీ బావే అటుపక్క మొక్కలకి కాపలా కూర్చున్నాడు. చేతిలో కావడి బద్దతో."

"మనవాళ్ళు ఉప్పునీళ్ళు పోశాక ఎవడైనా కూర్చుంటాడు."

చిన్నాన్న కొడవలి అంచు మీద బొటనవేలు ఆనించి చూసుకున్నాడు.

మా టీ పసుపు టీ. పచ్చటీలాగా వేయించి ఎండబెడితే కాదు. మూకుట్లో వేయించి పచ్చిదనం చంపి, సగం ఆరబెట్టి, వెచ్చగా ఉండగానే గుడ్డల్లో మూటలు కట్టి, చీకటి గదిలో మాగబెడతాం. గడ్డిలో కాయను మాగబెట్టినట్టే. ఆకు తన వేడిలో తనే మగ్గి, పచ్చదనం వదిలి పసుపుకు తిరుగుతుంది. తలుపు సందులన్నిటికీ తడి బంకమట్టి పూస్తారు. ఆ మట్టి పూసిన చెయ్యే మళ్ళీ దాన్ని తియ్యాలి. ఇంకొకరు తీస్తే ఆ ఇంటి హస్తవాసి పోతుందని మా నమ్మకం. ఆకలి రోజుల్లో దాచిన గింజల కోసం ఇళ్ళు తవ్వి పోసినవాళ్ళు కూడా మట్టి పూసిన తలుపు ముట్టుకోలేదు. మా నాయనమ్మది ఆ కొండల్లో పేరున్న చెయ్యి. తలుపు పక్కన పీట వేసుకుని కూర్చుని, వాసన చూసి లేచేది. ఒక్క మూట కూడా ఎప్పుడూ ఆమె చేతిలో పులవలేదు.

చింగ్‌మింగ్‌ పండక్కి పెద్దల సమాధులు ఊడ్చి వచ్చాం. తర్వాత వాన తెరిపిచ్చిన మొదటి ఉదయం ఊరంతా కాకిగూడు ఎక్కింది. ముందు ఆడవాళ్ళం బుట్టలతో, వెనక మగవాళ్ళు కావడి బద్దలతో, పారలతో. కొడవళ్ళు నడుముకు చెక్కుకున్నారు. మంచులో చిగురు తుంచుతున్నాం, షౌబెన్ కూడా మాతోపాటు తుంచుతున్నాడు. బుట్ట అడుగు నిండిందో లేదో, పైవరసల్లో మనుషుల నీడలు కదిలాయి. షావ్ వాళ్ళు మాకంటే ముందే వచ్చి అటునుంచి తుంచుకుంటూ దిగుతున్నారు.

ఎవరూ వెనక్కి తగ్గలేదు. రెండు గుంపులూ తుంచుతూనే ఉన్నాయి. మధ్య వరసలు ఒక్కొక్కటీ అయిపోతున్నాయి. ఎదురెదురుగా ఒకే మొక్క దగ్గరికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకే కొమ్మ పట్టుకున్నారు. కొమ్మ విరిగింది. మా ఊరామె అవతలామె చెంప మీద కొట్టింది. ఆమె బుట్ట తీసి ఈమె ముఖాన కొట్టింది.

ఆ తర్వాత జరిగింది వరసగా చెప్పడం నాకు చేతకాదు. బుట్టలు దొర్లిపోయాయి. ఒకడి చెవి తెగి మెడ మీద వేలాడుతోంటే వాడు దాన్ని అరచేత్తో అదిమిపట్టుకుని ఇంకో చేత్తో రాళ్ళు విసురుతున్నాడు. మా మేనమామ వరసాయన మోకాటి మీద పార పడితే ఎముక ఎండు కట్టెలా పటుక్కుమంది. ఎవరిదో పిట్టల తుపాకి పేలింది. ఒక షావ్ ముసలాయన జారి పడ్డాడు. ఎర్‌గుయి ఆయన గుండెల మీద ఒక కాలు వేసి పార కర్రతో దంచడం మొదలుపెట్టాడు. ఈ ఎర్‌గుయి షౌబెన్ స్నేహితుడు, చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ముసలాయన నోట్లోంచి పళ్ళూ రక్తమూ వస్తున్నాయి. ఆయన మా మావ్‌కున్ బావ తండ్రి.

షౌబెన్ పరుగెత్తుకెళ్ళి ఎర్‌గుయి నడుం పట్టుకున్నాడు. "చచ్చిపోతాడ్రా, వదల్రా," అంటూ వెనక్కి లాగాడు. అటునుంచి మావ్‌కున్ బావ రెండు చేతులా కావడి బద్ద ఎత్తి దూకాడు. బద్ద ఎర్‌గుయి తల మీదికి వచ్చింది. లాగిన ఊపుకి ఎర్‌గుయి పక్కకు ఒరిగాడు. అది షౌబెన్ కణతకు తగిలింది.

శబ్దం పెద్దగా రాలేదు. షౌబెన్ కూర్చున్నట్టుగా కింద పడ్డాడు. లేవబోతున్నవాడిలా ఒక మొక్క పట్టుకున్నాడు. ముక్కులోంచీ చెవిలోంచీ నెత్తురు వచ్చి చిగుళ్ళ మీద కారింది. నేను అక్కడికి చేరేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి. జేబులోంచి అన్నపు చెక్కలు నేల మీద పడి ఉన్నాయి.

బావ బద్ద వదిలేసి తన చేతులకేసి చూసుకుంటున్నాడు. ఎవరో "చంపేశాడ్రా షావ్ గాడు" అని అరిచారు. తుపాకి రెండోసారి పేలింది. బావ కుంటుకుంటూ మంచులోకి పారిపోయాడు.

తుంచిన ఆకు మనిషి చచ్చాడని ఆగదు. బుట్టలో ఉంటే వేడెక్కి ఎర్రబడిపోతుంది. మధ్యాహ్నం చిన్నాన్న ఇంట్లో చిన్నమ్మ ఏడుపు వీధి చివరి దాకా వినిపిస్తోంటే, మా ఇంట్లో నాయనమ్మ మూకుడు ముందు నిలబడి చీపురుతో ఆకు తిప్పింది. కన్నీళ్ళు మూకుట్లో పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, చూడకుండానే తిప్పింది. నేను మంట వేశాను.

మూటలు కట్టే వేళకు పెరటి వెదురు పొదల్లో అలికిడైంది. మావ్‌కున్ బావ. తొడ నిండా తుపాకి గుళ్ళు, లాగు నెత్తుటితో కాలికి అంటుకుపోయింది. గట్టు మీద దారులన్నీ మావాళ్ళు కాశారు. వాళ్ళ ఊరికి పోలేక చుట్టూ తిరిగి మా పెరట్లోకి వచ్చాడు. గడపలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"మామ్మగారూ, నేనే కొట్టాను. ఎర్‌గుయి అనుకుని కొట్టాను. షౌబెన్ అడ్డం వచ్చాడు."

నాయనమ్మ చేతిలో చీపురు ఉంది. దానితోనే అతని ముఖాన కొట్టింది. ఒకసారి కాదు. వేడి వెదురు పుల్లలు చెంపల మీద వాతలు పెట్టాయి. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. అలిసిపోయాక ఆమె చీపురు పొయ్యిలో పారేసింది.

"సూహే, మీ నాన్నని పిలు."

నాన్న వచ్చి, చూసి, గోడకు జారగిలబడ్డాడు. ఆయన ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి.

"నువ్వు బస్తీకి పో," అంది నాయనమ్మ. "పోలీసుల్ని తీసుకురా. ఎవరడిగినా పీనుగుపెట్టె చెక్కల కోసం అని చెప్పు. వీణ్ణి పోలీసులకే ఇస్తాను. నీ తమ్ముడికి ఇవ్వను."

"వాడి కొడుకమ్మా చచ్చింది."

"నాకు మనవడు కాదా? ఎత్తుకు పెంచిన చేతులు నావి కావా? నీ తమ్ముడు వీణ్ణి చంపితే రేపు వాణ్ణి గోడకు నిలబెట్టి కాలుస్తారు. అక్కడ నీ కూతురి కడుపులోది తండ్రి లేకుండా పుడుతుంది. ఒక్క దెబ్బకి ఎంతమంది పోవాలిరా?"

నాన్న టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మాగుడు గది ఒక మంచమంత ఉంటుంది. కిటికీ లేదు, చూరు కింద వెదురు గొట్టం ఒకటే గాలికి. బావను లోపల పడుకోబెట్టి తొడకు గుడ్డ బిగించాం. కాళ్ళు తలుపు దాకా వచ్చాయి. చుట్టూ వెచ్చటి మూటలు సర్దాం. ఉత్త గది మూస్తే సరిపోదా అని అడిగాను.

"వాసన లేని మాగుడు గదిని ఎవడు నమ్ముతాడే? వచ్చేవాళ్ళు చెప్పులు కుట్టేవాళ్ళు కాదు, టీ చేసేవాళ్ళు," అంది నాయనమ్మ. ఆకు మాగేలోపు పోలీసులు వస్తారని ఆమె లెక్క. అక్కడే తప్పింది. వాన మళ్ళీ పట్టుకుంది. కింద ఏటి మీది చెక్క వంతెన ఆ సాయంత్రమే కొట్టుకుపోయిందని మాకు తెలియదు.

మట్టి పూసి చేతులు కడుక్కుని, నాయనమ్మ పెరట్లో పుంజును పట్టుకుంది. పెరటి గుమ్మం దగ్గర నుంచి గది దాకా నెత్తుటి చుక్కలున్నాయి. వాటి మీదే దాని మెడ కోసి, అది గిలగిలా కొట్టుకోవడం ఆగేదాకా అక్కడే వదిలేసింది.

వాళ్ళు చీకటి పడకముందే వచ్చారు. చిన్నాన్న ముందు, వెనక ఎర్‌గుయి, ఇంకా ఆరేడుగురు. కొడవళ్ళు చేతుల్లోనే ఉన్నాయి. అటకా, మంచం కిందా, పందుల కొట్టమూ, గడ్డివామూ వెతికారు. నా పుస్తకాలు కిందకు విసిరేశారు. ఎర్‌గుయి నేల మీద నెత్తురు చూసి నవ్వాడు.

"మామ్మా, మీ ఇంట్లో ఎలుకలు ఇంతింత రక్తం కారుస్తాయా?"

"పుంజుని కోశాను. నా మనవడికి పైలోకంలో దారి చూపించడానికి పుంజు వద్దా? నీకోసం చచ్చినవాడికి నువ్వేం కోశావురా?"

ఎర్‌గుయి ముఖం పాలిపోయింది. చిన్నాన్న మాగుడు గది ముందు ఆగాడు. తడి మట్టి మీద వేళ్ళ గుర్తులు ఇంకా మెరుస్తున్నాయి.

"అమ్మా, ఇది తియ్యి."

"ఇవాళ పూసిన మట్టి ఇవాళ తీసే ఆచారం ఎక్కడైనా ఉందా?"

"నా కొడుకు పీనుగై పడుకుంటే నీకు టీ ఎలా చేయబుద్ధయిందమ్మా?"

"వాడు తుంచిన ఆకు కూడా ఇందులోనే ఉంది. పారెయ్యమంటావా?"

చిన్నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఎర్‌గుయి గొడ్డలి ఎత్తితే అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు. మట్టి పూసిన తలుపు. తాంగ్ వాళ్ళెవరూ ఆ పని చెయ్యలేదు. మనం చెయ్యం. మాగేక ఆవిడే తీస్తుంది. అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటాం."

బల్లలు తెచ్చుకుని గది ముందు కూర్చున్నారు. నాయనమ్మ వాళ్ళకు అన్నమూ ఊరగాయా పెట్టింది. వాళ్ళు తిన్నారు. కొడుకును చంపినవాడి కోసం కాపు కాసేవాళ్ళూ, వాణ్ణి దాచిన మనిషీ ఒకే కుండలో అన్నం తిన్నారు. మర్నాడంతా వాన. గోడ అవతల చిన్నాన్న ఇంట్లో శవానికి ధూపం వేస్తున్న వాసన వచ్చేది. గోడ ఇవతల టీ వాసన.

మొదట పచ్చగడ్డి వాసన పోయింది. తర్వాత ఉడికిన లేత మొక్కజొన్న పొత్తు వాసన వచ్చింది. కూర్చున్న అందరి ముక్కులూ ఒకేసారి లేచాయి. ఆ వాసన వచ్చిందంటే మా ఊళ్ళో ఏ ఆడదైనా పీట మీంచి లేస్తుంది. నాయనమ్మ లేవలేదు.

వంటింట్లో ఆమె చెవిలో అడిగాను. "నువ్వొక్కదానివే వెళ్ళి మూటలు తెచ్చేస్తే?"

"తలుపు జానెడు తెరిస్తే ఎదురుగా వాడి కాళ్ళేగా."

"మరి నాన్న ఎందుకు రాలేదు?"

"వస్తాడు. కూర్చో."

మధ్యాహ్నానికి మొక్కజొన్న వాసనలోకి ఇంకేదో కలిసింది. ముందు సన్నగా, పండిన పండు మీద వాలిన ఈగలాగా. తర్వాత పులిసిన తరవాణి కుండ మూత తీసినట్టు. పాచికలాడుతున్నవాళ్ళు ఆపేశారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎంత కరువొచ్చినా, ఎవరు చచ్చినా, పెళ్ళయినా, ఆ ముసలామె చేతిలో ఆకు పులవలేదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఆమె చూస్తూ చూస్తూ ఒక గదెడు టీని పులవనిస్తోందంటే, లోపల టీ కంటే ఎక్కువైంది ఉందని తెలిసిపోయింది. ఎవరూ చూడలేదు, ఎవరూ చెప్పలేదు.

చిన్నాన్న బల్ల మీద కూర్చునే, నేలకేసి చూస్తూ, చిన్నపిల్లాడిలా అన్నాడు.

"అమ్మా. టీ పులుస్తోంది."

"పులవనీరా," అంది నాయనమ్మ.

వాన చూరు మీంచి కారుతోంది. చిన్నాన్న లేచి, పక్కనున్న పార తీసుకున్నాడు. ఎర్‌గుయి అప్పటికే గొడ్డలితో తలుపు కొడుతున్నాడు. ఎండిన మట్టి పెళ్ళలు రాలాయి. రెండో దెబ్బకు పలక చీలింది. పుల్లటి వేడి ఆవిరి మా ముఖాల మీద కొట్టింది. లోపల బావ కాళ్ళు.

కాళ్ళు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చారు. గడపకు తల కొట్టుకుంది. జ్వరంతో, ఊపిరాడక అతను సగం చచ్చే ఉన్నాడు. నల్లబడ్డ ఆకు ఒంటికంతా అంటుకుంది. కొడవలి మడమ మీద పడింది. ఎవరిదో కర్ర మూతి మీద పడింది. నేను అడ్డం పోతే ఎవరో జుట్టు పట్టి గోడకేసి విసిరారు. లేచి అరిచాను. "షౌబెన్ అన్న వదలమన్నాడు. ముసలాయన్ని వదలమని ఎర్‌గుయిని లాగుతున్నాడు. నేను చూశాను." నా మాట వాళ్ళ చెవిన పడిందో లేదో తెలియదు. ఎర్‌గుయి ఒక్కడే నావైపు తిరిగాడు. గొడ్డలి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

చిన్నాన్న ఆగలేదు. గుంపును తోసుకుని వచ్చి, పార రెండు చేతులా ఎత్తాడు. అది దిగే లోపల నాయనమ్మ బావ మీద అడ్డంగా పడింది. తడిసిన గోనెసంచి పడ్డట్టు పడింది. పార వెనకవైపు ఆమె భుజానికీ మెడకూ మధ్య దిగింది. ఎముక విరిగిన చప్పుడు అందరూ విన్నారు.

కర్రలన్నీ ఆగిపోయాయి. వాన మాత్రం పడుతోంది. చిన్నాన్న పార పట్టుకునే ఉన్నాడు. ఆమె ముఖం బురదలో ఉంది. కాసేపటికి పక్కకు తిప్పి, నొప్పికి పళ్ళు బిగించి, కొడుకుతో అంది.

"ఇంకా కొట్టాలా? కొడితే ఇటు కొట్టు. ఇటువైపు బానే ఉంది."

చిన్నాన్న చేతుల్లోంచి పార జారింది. ఆయన కూలబడి, రెండు చేతులా బురద పట్టుకుని ఏడ్చాడు. కొడుకు పోయిన దగ్గర నుంచి ఆయన ఏడవడం అదే మొదలు. మిగతావాళ్ళు కొడవళ్ళు మర్చిపోయి, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

పొద్దు వాలుతుండగా పోలీసులు వచ్చారు, నాన్నతో, పైన కొండ చుట్టూ తిరిగి. భుజం ఎలా విరిగిందని అడిగితే నాయనమ్మ నాచు మీద జారానంది. చిన్నాన్న నోరు తెరవబోతే, "నువ్వు మాట్లాడకు, వాళ్ళు నన్నడుగుతున్నారు," అంది. ఆమెను బస్తీ ఆసుపత్రికి వీపు మీద మోసుకుపోయింది ఆయనే. వంతెన లేని ఏరు నడుం లోతు నీళ్ళలో దాటాడు.

బావ జైలుకు పోయాడు. అక్కకు ఆడపిల్ల పుట్టింది. కోర్టులో నేను చూసింది చూసినట్టు చెప్పాను. దానికి మావాళ్ళు కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. కాకిగూడును రెండూళ్ళకూ సగం సగం పంచారు. మొదటే ఆ పని చేసి ఉంటే ఈ కథ లేదు. నాయనమ్మ కుడిచెయ్యి మళ్ళీ మూకుడు దాకా లేవలేదు. ఆ వేసవిలో పరీక్ష రాశాను, సీటొచ్చింది. పెట్టె నాన్నా నేనూ చెరోవైపు పట్టుకుని మోశాం.

బావ విడుదలై వచ్చి, ఇప్పుడు వాళ్ళవైపు సగంలో టీ చేస్తాడు. నాయనమ్మ పోయింది. ఈమధ్య మా టీకి పేరొచ్చాక బయటివాళ్ళు వచ్చి ఈ కథ చెప్పించుకుంటున్నారు. మనిషి ప్రాణం కోసం గదెడు టీని పులవనిచ్చిన ముసలమ్మ అని వాళ్ళకు ఎంతో ఇష్టం. పోయినేడు వసంతంలో మా వాకిట్లో అలా ఎవరికో మావాళ్ళు చెబుతోంటే, చిన్నాన్న మూల బల్ల మీద కూర్చుని విన్నాడు. వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచాడు. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు.

"బాగానే చెప్తారు. తప్పేం లేదు," అన్నాడు. "కానీ సూహే, ఆ కథలోకి నా కొడుకు ఒక్కసారే వస్తాడు. చావడానికి."

అందుకే రాస్తున్నాను.

నాయనమ్మను మీరు ఎలాగూ గుర్తుంచుకుంటారు, ఆ తలుపు అలాంటిది. ఆమెతో పాటు ఇంకొకణ్ణి కూడా గుర్తుంచుకోమని అడుగుతున్నాను. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉన్న ఆ ఉదయం వట్టి చేతులతో పరుగెత్తి, శత్రువుల ముసలాయన్ని కొడుతున్న సొంత స్నేహితుణ్ణి నడుం పట్టి వెనక్కి లాగినవాడు. అతని పేరు తాంగ్ షౌబెన్.